పైన పటారం సరే, లోపల రాగి ఎంత?

సగం ధరకే దొరుకుతున్న వస్తువును చూడగానే ఎవరికైనా వచ్చే అనుమానం ఒక్కటే: ఇది అసలుదేనా? దానికంటే పనికొచ్చే ప్రశ్న ఇంకొకటి ఉంది. ఆ రెండో సగం ఎక్కడ మిగిలింది? వస్తువు ధరలో ముడిసరుకు ఉంటుంది, కూలి ఉంటుంది, పరీక్షల ఖర్చు, రవాణా, అమ్మేవాడి లాభం, ప్రకటనలు, కంపెనీ పేరుకు కట్టే విలువ ఉంటాయి. తగ్గింపు వీటిలో ఏదో ఒకదాంట్లోంచే రావాలి. పాత మోడల్‌ను వదిలించుకుంటున్నప్పుడో, పెట్టె నలిగిపోయినప్పుడో, గోదాములో సరుకు పేరుకుపోయినప్పుడో లాభంలోంచి కోసుకుని అమ్ముతారు. అది నిజమైన బేరం.

కానీ రాగి, నికెల్, లిథియం ఎంత పెద్ద కంపెనీకైనా మార్కెట్ ధరకు అటూ ఇటూగానే దొరుకుతాయి, సగానికి దొరకవు. కాబట్టి ధరలో ముడిసరుకు వాటా ఎంత ఎక్కువైతే, భారీ తగ్గింపును అంత గట్టిగా అనుమానించాలి. కరెంటు వైరు, స్టీలు గిన్నె, బ్యాటరీ ఈ కోవలోవి. సగం ధరకు వచ్చిన వైరులో సగం రాగే ఉంటుందని ముందే అనుకోవచ్చు. పేరు చూసి కొనే బూట్లు, సంచులు, సెంట్ల సంగతి వేరు. అక్కడ నిజమైన తగ్గింపుకూ చోటుంది, నకిలీకీ చోటుంది. ధర ఒక్కటే చూసి ఏదీ తేలదు.

చవక సరుకునూ నకిలీ సరుకునూ ఒకే గాటన కట్టడం కూడా పొరపాటే. చవక వస్తువు చేసేవాడు తన పేరే వేసుకుంటాడు, 10 వాట్లదైతే 10 వాట్లనే రాస్తాడు. నకిలీ చేసేవాడు కంటికి కనిపించేదంతా పొల్లుపోకుండా దించుతాడు: పెట్టె, రంగు, హోలోగ్రామ్, అక్షరాల వంపు. డబ్బు మిగుల్చుకునేది కన్ను చేరని చోట. అందుకే పెట్టెను తిరగేసి మరగేసి చూడటం అంటే అతని బలమున్న చోటే పోటీకి దిగడం. తూకం, కొలత, గుణకారం, ఈ మూడింటినీ దించాలంటే అతనూ డబ్బు పెట్టాలి.

తూకానికి నిలబడని బ్యాటరీలు

పవర్‌బ్యాంకు మీద రాసే 10,000 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్ అవర్లు) అనేది లోపలి సెల్ లెక్క, అంటే 3.7 వోల్టుల దగ్గరిది. రెండూ గుణించి వెయ్యితో భాగిస్తే 37 వాట్ అవర్లు, అంటే అందులో దాగిన మొత్తం శక్తి. ఫోనుకు వెళ్లేది మాత్రం 5 వోల్టులు. 37ను 5తో భాగిస్తే 7.4, అంటే 7,400 ఎంఏహెచ్ వస్తుంది. వోల్టేజి మార్చే సర్క్యూట్లో వేడిగా పోయేది తీసేస్తే 6,000 నుంచి 6,600 వరకు మిగులుతుంది. నిజాయితీ ఉన్న తయారీదారు ఈ రెండో అంకెను కూడా ‘రేటెడ్ కెపాసిటీ’ పేరుతో చిన్న అక్షరాల్లో వేస్తాడు. కాబట్టి 10,000 అని రాసున్నది 6,300 ఇస్తే మోసపోయామని గొడవ పడనక్కర్లేదు. గొడవ పడాల్సింది 2,500 ఇచ్చినప్పుడు.

ఇప్పుడు తూకం. ఫోన్లలో, పవర్‌బ్యాంకుల్లో వాడే లిథియం సెల్ కిలో బరువుకు సుమారు 200 నుంచి 270 వాట్ అవర్లు దాచగలదు. అంటే 37 వాట్ అవర్లకు సెల్‌లే 140 నుంచి 185 గ్రాములు తూగాలి, పైన డొప్ప, సర్క్యూట్ బరువు అదనం. జేబులో పట్టే 50,000 ఎంఏహెచ్ పవర్‌బ్యాంకు అని అమ్మేవి కనిపిస్తుంటాయి. అది నిజమైతే 185 వాట్ అవర్లు, అంటే సెల్‌ల బరువే కనీసం 700 గ్రాముల దాకా. వంటింటి తూకం మీద పెడితే 200 గ్రాములు చూపించేది ఆ మాట ఎలా నిలబెట్టుకుంటుంది? ఇంకో తమాషా ఏమిటంటే, అది నిజంగా అంత సామర్థ్యం ఉన్నదే అయితే విమానం ఎక్కనివ్వరు. 100 వాట్ అవర్లు దాటితే విమాన సంస్థ అనుమతి కావాలి, 160 దాటితే అసలే కుదరదు.

టార్చి లైట్లలో, చేతి పనిముట్లలో వాడే 18650 సెల్‌ది కూడా ఇదే కథ. ఆ అంకెలు కొలతలే: 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు. పేరున్న కంపెనీల సెల్‌లు మామూలుగా 2,000 నుంచి 3,600 ఎంఏహెచ్ మధ్య ఉంటాయి, 45 నుంచి 50 గ్రాములు తూగుతాయి. మీద 9,900 అని రాసున్న సెల్ చేతికి తేలిగ్గా తగిలితే ఇక పరీక్షించే పని లేదు. అలాంటివాటిని విప్పితే పెద్ద గొట్టంలో చిన్న సెల్, చుట్టూ ఏదో పొడి కూరిన సందర్భాలున్నాయి. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీల్లోంచి తీసి కొత్త తొడుగు వేసినవి ఇంకా ప్రమాదం. బరువు సరిగ్గానే ఉంటుంది, ఓపిక అయిపోయి ఉంటుంది, ఛార్జింగ్‌లో వేడెక్కుతుంది.

మెమరీ కార్డు ఆడే అబద్ధం

కార్డులోని కంట్రోలర్ చిప్‌కు ‘నేను 1 టీబీ’ అని చెప్పమని నేర్పించడం ఖర్చులేని పని. లోపల ఉన్న నిజమైన మెమరీ 32 జీబీ కావచ్చు. కంప్యూటర్ కార్డు చెప్పిందే నమ్ముతుంది, ఫార్మాట్ కూడా బుద్ధిగా అవుతుంది. మొదటి 32 జీబీ దాకా ఫొటోలు బాగానే ఉంటాయి. ఆ తర్వాత రాసేది పాత వాటి మీదే పడుతుంది, లేదా ఎక్కడికీ పోకుండా ఆవిరవుతుంది. ఫైళ్ల పేర్లు కనిపిస్తూనే ఉంటాయి, తెరిస్తే తెరుచుకోవు. ఎప్పుడూ ఏ హెచ్చరికా రాదు. అదే దీనిలో దారుణం.

దీన్ని పట్టుకునే దారి ఒక్కటే: కార్డును అంచు దాకా నింపి, రాసినది రాసినట్టే తిరిగి చదవాలి. విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, లినక్స్, మ్యాక్‌లలో ఎఫ్3 అనే ఉచిత ప్రోగ్రాములు ఈ పనే చేస్తాయి. సెకనుకు 20 ఎంబీ రాసే 128 జీబీ కార్డుకు రాయడానికే ఇంచుమించు గంటా ముప్పావు పడుతుంది, చదవడానికి మళ్లీ సమయం కావాలి. రాత్రి పెట్టి పడుకోవచ్చు. ఖాళీ కార్డు మీదే చేయాలి, వాపసు గడువు ముగియక ముందే చేయాలి. పెన్‌డ్రైవ్‌లకూ, మరీ చవకగా అమ్మే బయటి ఎస్ఎస్‌డీలకూ ఇదే పరీక్ష.

ఛార్జర్ లోపలి ఖాళీ జాగా

నకిలీ కార్డు ఫొటోలు పోగొడుతుంది, నకిలీ ఛార్జర్ ప్రాణం మీదికి తెస్తుంది. ఛార్జర్‌లో రెండు లోకాలుంటాయి. ఒకవైపు గోడలోంచి వచ్చే ప్రమాదకరమైన కరెంటు, ఇంకోవైపు మన చేతిలోని ఫోనుకు వెళ్లే 5 వోల్టులు. రెండింటి మధ్యా బోర్డు మీద కొన్ని మిల్లీమీటర్ల ఖాళీ జాగా వదలాలి. ట్రాన్స్‌ఫార్మర్‌లో ఒక చుట్టకూ ఇంకో చుట్టకూ మధ్య దళసరి ఇన్సులేషన్ ఉండాలి. ఆ ఎల్లను దాటించే చిన్న కెపాసిటర్ (విద్యుత్తును కాసేపు పట్టి ఉంచే భాగం) ‘వై’ తరగతిది, అంటే పాడైనా షార్ట్ కాకుండా తెగిపోయే రకమై ఉండాలి. నకిలీలో జాగా ఒక మిల్లీమీటరుకు కుంచించుకుపోతుంది, ఇన్సులేషన్ టేపు ఒక పొరే ఉంటుంది, కెపాసిటర్ మామూలుది. తేమో వేడో పెరిగిన రోజున గోడ కరెంటు ఫోను లోహపు అంచు దాకా నడిచొస్తుంది.

ఫోను తాకితే సన్నగా జిల్లుమనడం ఒక్కటే నకిలీకి రుజువు కాదు. రెండు పిన్నుల మంచి ఛార్జర్లలోనూ ఆ వై కెపాసిటర్ గుండా అతి కొద్ది కరెంటు జారుతుంది. చిన్నగా ఉండటమూ రుజువు కాదు, గ్యాలియం నైట్రైడ్ అనే కొత్త పదార్థంతో చేసిన చిప్‌లు వచ్చాక 65 వాట్ల ఛార్జర్ అరచేతిలో ఇమిడిపోతోంది. చూడాల్సింది దాని మీద అచ్చయిన అంకెలు: ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు బయటికి వస్తాయని. 20 వోల్టులు, 3.25 ఆంపియర్లు అని ఉంటే గుణిస్తే 65 వాట్లు రావాలి. పెట్టె మీద 65 వాట్లని పెద్దగా రాసి, ఛార్జర్ మీద 5 వోల్టులు 3 ఆంపియర్లు అని మాత్రమే ఉంటే అది 15 వాట్లదే. కేబుల్‌నూ లెక్కలోకి తీసుకోవాలి. రెండు వైపులా యూఎస్‌బీ-సీ ఉన్న కేబుల్ 3 ఆంపియర్లు దాటి మోయాలంటే దాని కొసలో తన సామర్థ్యాన్ని చెప్పుకునే చిప్ ఒకటి ఉండాలి. అది లేని కేబుల్‌తో 100 వాట్ల ఛార్జర్ కూడా 60 వాట్ల దగ్గరే ఆగుతుంది. మధ్యలో పెట్టే చిన్న యూఎస్‌బీ మీటర్ కొంటే ఇదంతా కళ్ల ముందే కనిపిస్తుంది.

రాగి పూత, స్టీలు మెరుపు

కరెంటు వైరులో మోసం పేరు రాగి పూత వేసిన అల్యూమినియం. తొడుగు చివర చూస్తే ఎర్రగానే మెరుస్తుంది. అల్యూమినియం విద్యుత్ వాహకత రాగిలో 61 శాతమే, కాబట్టి అంతే మందం ఉన్న వైరులో అదే కరెంటు పోతే వేడి ఎక్కువ పుడుతుంది. దానికి తోడు బిగింపుల దగ్గర మెత్తగా నలిగి వదులవుతుంది, పైన ఆక్సైడ్ పొర కట్టి ఇంకా వేడెక్కుతుంది. గోడల్లో మంటలకు ఇది సూటి దారి.

పట్టుకోవడం సులువే. ఒక పోగును బ్లేడుతో గీకండి. లోపల వెండి రంగు తేలితే అది అల్యూమినియం. తగరం పూత ఉన్న రాగి ఇందుకు తలకిందులు, పైన తెలుపు, లోపల ఎరుపు. అది మంచిదే. తూకం ఇంకా గట్టి సాక్ష్యం. 1.5 చదరపు మిల్లీమీటర్ల అడ్డుకోత ఉన్న వైరు 100 మీటర్ల చుట్టలో 150 ఘన సెంటీమీటర్ల లోహం ఉంటుంది. రాగి సాంద్రత ఘన సెంటీమీటరుకు 8.96 గ్రాములు, కాబట్టి లోహం బరువే సుమారు 1.34 కిలోలు, అల్యూమినియం అయితే 400 గ్రాములు. తొడుగుతో కలిపి కూడా చుట్ట మొత్తం 1.3 కిలోలు తూగకపోతే తిరిగిచ్చేయండి.

నిరోధం కొలిచే మల్టీమీటర్ ఉంటే పొడవునూ మందాన్నీ ఒకేసారి నిలదీయవచ్చు. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు నిరోధం 20 డిగ్రీల దగ్గర కిలోమీటరుకు 12.1 ఓమ్‌లు దాటకూడదు, అంటే 100 మీటర్లకు 1.21. ముందు మీటర్ కొసలు రెండూ కలిపి వచ్చే 0.2 లేదా 0.3 ఓమ్‌ను తీసేయడం మరవకూడదు. 1.7 వచ్చిందంటే పోగు సన్నదో, లోహం వేరేదో. 1.0 వచ్చిందని సంబరపడొద్దు, చుట్టలో వంద మీటర్లు లేకపోవచ్చు.

స్టీలు దగ్గర చాలామంది నమ్ముకునేది అయస్కాంతం. అది సగమే పనికొస్తుంది. 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉండే 304 రకం స్టీలుకు అయస్కాంతం అంటుకోదు, నికెల్ లేని 430కి అంటుకుంటుంది. అంతవరకు నిజం. కానీ ఖరీదైన నికెల్‌ను సగానికి తగ్గించి మాంగనీస్ కలిపిన 201, 202 రకాలకు కూడా అంటుకోదు! 304 పేరుతో అమ్ముడయ్యేది ఎక్కువగా ఇవే. ఉప్పు, పులుపు తగిలే చోట వీటి మీద చుక్కచుక్కగా తుప్పు లేస్తుంది. పోనీ అసలు 304 అయినా బాగా సాగదీసి వంచిన మూలల దగ్గర అయస్కాంతాన్ని కాస్త లాగుతుంది. కాబట్టి అంటుకుంటే చెడ్డది, అంటుకోకపోతే మంచిది అనే సూత్రం రెండు వైపులా తప్పుతుంది. మాంగనీస్‌ను రంగు మార్పుతో పట్టిచ్చే పరీక్ష ద్రవాలు దొరుకుతాయి, సింకు లాంటి పెద్ద కొనుగోలుకు ఒక సీసా ఖర్చు దండగ కాదు. ఇంకో సంగతి: 430 చెడ్డ స్టీలేమీ కాదు. 304 అని చెప్పి అమ్మితేనే మోసం.

ముద్రలు ఏం చెబుతాయి, ఏం చెప్పవు

ఐఎస్ఓ 9001 అని ఉంటే ఆ ఫ్యాక్టరీ నిర్వహణ పద్ధతికి ధ్రువపత్రం ఉందని అర్థం, వస్తువును ఎవరో పరీక్షించారని కాదు. ఐరోపా నిబంధనలకు తగినదని చెప్పే సీఈ ముద్రను చాలా రకాల వస్తువుల మీద తయారీదారే తన బాధ్యత మీద వేసుకుంటాడు. ఇక క్యూఆర్ కోడ్ సంగతి మరీ విడ్డూరం: పెట్టెను దించినవాడు దాని మీద తన సొంత కోడ్ వేసి, తనే కట్టిన వెబ్‌సైటుకు పంపి ‘అభినందనలు, ఇది అసలు వస్తువే’ అని చూపించగలడు. కోడ్‌ను స్కాన్ చేయకుండా, కంపెనీ చిరునామాను చేత్తో టైప్ చేసి, అక్కడ సీరియల్ నంబర్ వేసి చూడాలి. ఫోనులో *#06# నొక్కితే వచ్చే 15 అంకెల ఐఎంఈఐ (ఫోను గుర్తింపు సంఖ్య), పెట్టె మీదిదీ బిల్లు మీదిదీ ఒకటై ఉండాలి. అవి కలిసినంత మాత్రాన అసలుదని కాదు, ఎవరిదో నంబర్ ఎత్తి పెట్టి ఉండొచ్చు. కలవకపోతే మాత్రం వెనక్కి ఇచ్చేయడమే.

ఆన్‌లైన్‌లో ఒకే పేజీ మీద పదిమంది అమ్మకందారులుంటారు. కింద కనిపించే సమీక్షలు పేజీకి చెందినవి, మీకు సరుకు పంపేవాడివి కావు. కొన్నిచోట్ల అందరి సరుకూ గోదాములో ఒకే అరలో కలిపేస్తారు కూడా. పాత వస్తువు పేజీనే మార్చి కొత్త వస్తువు పెట్టడం ఇంకో ఎత్తు. దువ్వెన గురించి రాసిన మెప్పులు ఇయర్‌ఫోన్ కింద కనిపిస్తే అదే జరిగింది. మూడు స్టార్లు ఇచ్చిన సమీక్షలు చదవండి, అందులోనూ ఆరు నెలలు వాడాక రాసినవి. పార్సిల్ విప్పేటప్పుడు అతుకు ఊడకముందు నుంచీ ఒకే వీడియో తీసి, అందులో సీరియల్ నంబర్ పడేలా చూసుకోండి.

ఎక్కువ పెట్టాల్సింది ఎక్కడ

నకిలీని తప్పించుకున్నంత మాత్రాన డబ్బు తెలివిగా ఖర్చుపెట్టినట్టు కాదు. ఖరీదైనదల్లా మన్నదు. ధరకు మరమ్మతు ఖర్చు, కరెంటు ఖర్చు కలిపి, చివర అమ్మితే వచ్చేది తీసేసి, వాడే ఏళ్లతో భాగించాలి. మూడింతల ధర పెట్టిన వస్తువు ఐదేళ్లు వస్తే, ఏడాదికి ఊడే దానికంటే అదే చవక. కానీ ఏడాదికి రెండు గంటలు వాడే డ్రిల్లింగ్ మెషిన్‌కు ఈ లెక్క పనిచేయదు. అక్కడ సొంత పేరుతో వచ్చే సాదా చవక మెషిన్ చాలు, అద్దెకు దొరికితే ఇంకా మేలు. రోజూ తిరిగే వాటిది వేరే లెక్క. 75 వాట్ల ఫ్యాన్ బదులు 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్ రోజుకు 12 గంటలు, ఏడాదికి 300 రోజులు తిరిగితే 162 యూనిట్లు మిగులుతాయి. ధరలోని తేడాను మీ కరెంటు రేటుతో చూసుకుంటే ఎన్నేళ్లకు తీరుతుందో తేలిపోతుంది.

ఏది ముందు చస్తుందో తెలుసుకుని కొనాలి. ఎల్ఈడీ బల్బు మీద 25,000 గంటలని రాస్తారు. అది వెలుగునిచ్చే చిప్ ఆయుష్షు. ముందు పోయేది దాన్ని నడిపే సర్క్యూట్లోని ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్. స్థూలంగా ప్రతి 10 డిగ్రీల వేడికి దాని ఆయుష్షు సగమవుతుంది. 105 డిగ్రీల దగ్గర 2,000 గంటలని రేటింగ్ ఉన్నది 65 డిగ్రీల దగ్గర 32,000 గంటలు రావచ్చు, 85 దగ్గర 8,000తో సరి. రోజుకు ఎనిమిది గంటల లెక్కన అదే బల్బు గాలి ఆడే చోట పదేళ్లు, మూసేసిన గ్లాసు డోములో మూడేళ్లలోపు. గోడకు ఆనించి పెట్టిన టీవీకీ, రూటర్‌కూ ఇదే వర్తిస్తుంది. ఈ ఒక్క విషయంలో ఎక్కువ ధర కంటే నాలుగు అంగుళాల ఖాళీ ఎక్కువ పనిచేస్తుంది.

బూట్ల అడుగున వాడే పాలీయురేతేన్ గాల్లోని తేమకే నెమ్మదిగా విరిగిపోతుంది. తొడగకుండా దాచినా కొన్నేళ్లకు పొడిపొడిగా రాలుతుంది, కాబట్టి తగ్గింపులో రెండు జతలు కొని ఒకటి దాచుకోవడం లాభం కాదు. పార్టికల్ బోర్డు అలమరా విప్పి మళ్లీ బిగిస్తే స్క్రూలు పట్టవు. ఇల్లు మారే వాళ్లకు కీలు పడే చోటైనా ప్లైవుడ్ ఉండాలి. ఇంటర్నెట్ లేకపోతే ఆగిపోయే ఉపకరణం ఆయుష్షు దాని మోటారుది కాదు, కంపెనీ సర్వర్‌ది.

పెద్ద యంత్రాలకు విడిభాగాలు ఎన్నేళ్లు దొరుకుతాయో అడగాలి. ఐరోపా సమాఖ్య 2021 నుంచి అమలు చేస్తున్న నిబంధనల్లో ముఖ్యమైన విడిభాగాలు కొన్ని ఫ్రిజ్‌కు కనీసం 7 ఏళ్లు, వాషింగ్ మెషిన్‌కు 10 ఏళ్లు అందుబాటులో ఉంచాలని ఉంది. మీరెక్కడున్నా ఆ అంకెలు మంచి కొలబద్ద. ఎక్స్‌టెండెడ్ వారంటీ మాత్రం చాలావరకు అమ్మేవాడికే లాభం. లోపంతో పుట్టిన యంత్రం మొదటి నెలల్లోనే మొరాయిస్తుంది, అప్పుడు మామూలు వారంటీ ఉంటుంది. అరిగిపోయి పాడయ్యే వేళకు అదనపు వారంటీ కూడా దాటిపోయి ఉంటుంది. ఆ డబ్బు మరమ్మతుకు పక్కన పెట్టుకోవచ్చు.

అసలు వస్తువు కొత్తది కొనే స్తోమత లేనప్పుడు నకిలీ కొత్తదాని కంటే అసలు పాతది మేలు. చేతి పనిముట్లు, ఇనుప సామాను, కుట్టు మిషన్లు నిశ్చింతగా పాతవి కొనొచ్చు. బ్యాటరీ, హెల్మెట్, టైరు మాత్రం వద్దు. హెల్మెట్ లోపలి నురుగు ఒక దెబ్బకే నలిగి పనికిరాకుండా పోతుంది, పైకి గీతైనా కనిపించదు. టైరు పక్కన డాట్ అనే అక్షరాల వరుస చివర నాలుగు అంకెలుంటాయి: 2319 అంటే 2019లో 23వ వారం తయారైనది. ‘కొత్త’ టైరు మీద కూడా ఆ అంకెలు చూడండి. ఆ నాలుగు అంకెలు ఒక పక్కనే ఉండొచ్చు, బయటి పక్క కనిపించకపోతే బండి కిందకు వంగి లోపలి పక్క వెతకాలి.